ఆర్థికవేత్త నుంచి ప్రధానమంత్రి దాకా: మన్మోహన్ సింగ్ ప్రస్థానం - జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జీవికల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

డాక్టర్ మన్మోహన్ సింగ్ (1932-2024) ఆర్థికశాస్త్ర ఆచార్యుడిగా, ప్రభుత్వ సలహాదారుగా జీవితం ప్రారంభించి, 1991లో కేంద్ర ఆర్థికమంత్రిగా, 2004 నుంచి 2014 వరకు ప్రధానమంత్రిగా పనిచేశారు. ఈ ప్రస్థానాన్ని ఢిల్లీ నుంచి కాక, ఆయన నిర్ణయాలు చేరిన చోటు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని మూడు పట్టణాలను ఎంచుకోవడమైనది. జగిత్యాల వ్యవసాయానికి, కోరుట్ల బీడీ పనికి, గల్ఫ్ వలసలకు, సిరిసిల్ల మరమగ్గాలకు కేంద్రాలు. 1991 నాటి సరళీకరణ, 2005 తరువాతి హక్కుల చట్టాలు ఈ మూడు చోట్లా వేర్వేరు ఫలితాలనిచ్చాయి. ఆర్థికవేత్తగా మన్మోహన్ సింగ్ వేసుకున్న ప్రశ్న దేశం ఎలా సంపాదించాలన్నది. రాజకీయ నాయకుడిగా ఆయన ఎదుర్కొన్న ప్రశ్న ఆ సంపాదన ఎవరికి చేరిందన్నది. ఈ రెండు ప్రశ్నల మధ్య దూరమే ఆయన రాజకీయ జీవితమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మన్మోహన్ సింగ్, పి.వి. నరసింహారావు, సి.హెచ్. హనుమంతరావు, ఆర్థిక సంస్కరణలు, ఉపాధి హామీ, మరమగ్గాలు, గల్ఫ్ వలస, కరీంనగర్.

1. ఉపోద్ఘాతం:

రాజకీయ నాయకుల జీవితాలను ఎన్నికలు, పదవులు, పార్టీల క్రమంలో చెప్పడం పరిపాటి. ఆర్థికవేత్తల జీవితాలను గ్రంథాలు, సిద్ధాంతాల క్రమంలో చెబుతారు. ఈ రెండు క్రమాలనూ కలిపి చదివితే తప్ప అర్థం కాని జీవితం మన్మోహన్ సింగ్‌ది. ఆయనను సంస్కరణల నిర్మాతగా కీర్తించేవారు 1991 దగ్గర ఆగిపోతారు. మార్కెట్ పక్షపాతిగా విమర్శించేవారూ అక్కడే ఆగిపోతారు. ఆయన ప్రధానిగా ఉన్న కాలంలోనే గ్రామీణ ఉపాధి, సమాచారం, విద్య, ఆహారం చట్టబద్ధమైన హక్కులుగా మారాయన్న విషయం ఈ రెండు వాదాల్లోనూ పక్కకు పోతుంది.

ఒక విధాన నిర్ణయాన్ని అంచనా వేయడానికి జాతీయ సగటులు మాత్రమే చాలవు. అది ఏ ఇంటికి ఏ రూపంలో చేరిందో చూడాలి. జగిత్యాల, కోరుట్ల నేడు జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడూ కరీంనగర్ జిల్లాలోని పట్టణాలే. పక్కపక్కనే ఉన్నా ఈ పట్టణాల బతుకుదెరువు ఒకటి కాదు. జగిత్యాల రైతుకు ఎరువు ధర, కాలువ నీరు ముఖ్యం. కోరుట్ల కుటుంబానికి వేయి బీడీలకు వచ్చే కూలి, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము ముఖ్యం. సిరిసిల్ల నేతకారుడికి నూలు ధర, గుడ్డకు గిరాకీ ముఖ్యం. కనుక ఒకే విధానం మూడు చోట్ల మూడు రకాలుగా ఎలా పనిచేసిందో పోల్చి చూడటానికి ఇవి అనువైనవి.

ఈ ఎంపికకు మరొక కారణమూ ఉంది. మన్మోహన్ సింగ్‌ను రాజకీయాల్లోకి తెచ్చిన పి.వి. నరసింహారావు ఈ జిల్లా వాసి. వంగర ఆయన పెరిగిన ఊరు. మంథని ఆయన 1957 నుంచి రెండు దశాబ్దాల పాటు ప్రాతినిధ్యం వహించిన శాసనసభ నియోజకవర్గం. ప్రణాళికాసంఘంలో మన్మోహన్ సింగ్‌తో కలిసి పనిచేసిన వ్యవసాయ ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు కూడా ఈ జిల్లాలోనే పుట్టారు.

2. పండితుడు, అధికారి (1932-1991):

మన్మోహన్ సింగ్ 1932 సెప్టెంబరు 26న అవిభక్త పంజాబులోని గాహ్ గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లో ఉంది. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయి నాయనమ్మ దగ్గర పెరిగారు. దేశవిభజన వల్ల కుటుంబం భారతదేశానికి తరలివచ్చి చివరకు అమృత్‌సర్‌లో స్థిరపడింది. పంజాబ్ విశ్వవిద్యాలయంలో 1954లో అర్థశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, కేంబ్రిడ్జ్‌లో 1957లో ప్రథమశ్రేణి పట్టా పొందారు. ఆక్స్‌ఫర్డ్‌లోని నఫీల్డ్ కళాశాల నుంచి 1962లో డాక్టరేట్ అందుకున్నారు.

ఆయన పరిశోధనాంశం భారతదేశపు ఎగుమతులు. 1951-60 మధ్య మన ఎగుమతులు ఎందుకు పెరగలేదు, పెరిగే అవకాశం ఉందా అన్నది ఆ సిద్ధాంతవ్యాసం పరిశీలించింది. పేద దేశాల ఎగుమతులకు ప్రపంచ విపణిలో చోటు లేదన్న నిరాశావాదం బలంగా ఉన్న రోజులవి. లోపం ప్రపంచ విపణిలోనే కాదు, మన విధానాల్లోనూ ఉందని ఆయన వాదించారు. ఈ అధ్యయనం 1964లో పుస్తకంగా వచ్చింది. 1991లో ఆర్థికమంత్రిగా తీసుకున్న నిర్ణయాలు ఒక్కరోజులో పుట్టినవి కావనడానికి ఈ పుస్తకమే నిదర్శనం.

తరువాత ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థలో, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేసి, 1971లో వాణిజ్య మంత్రిత్వశాఖ ఆర్థిక సలహాదారుగా ప్రభుత్వంలో చేరారు. 1972 నుంచి ముఖ్య ఆర్థిక సలహాదారు, 1976 నుంచి ఆర్థిక వ్యవహారాల కార్యదర్శి, 1982 సెప్టెంబరు నుంచి 1985 జనవరి వరకు రిజర్వుబ్యాంకు గవర్నరు, 1985-87లో ప్రణాళికాసంఘం ఉపాధ్యక్షుడు, 1987-90లో జెనీవాలోని దక్షిణ కమిషన్ ప్రధాన కార్యదర్శి. ఆర్థిక వ్యవస్థను నడిపే యంత్రాంగంలో ఆయన కూర్చోని కుర్చీ దాదాపు లేదు. అయితే ఆ కుర్చీల్లో ఏదీ ఓటుతో వచ్చింది కాదు.

ప్రణాళికాసంఘంలో ఆయన ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు సభ్యుల్లో ఒకరు చెన్నమనేని హనుమంతరావు. సిరిసిల్ల నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన కమ్యూనిస్టు నాయకుడు చెన్నమనేని రాజేశ్వరరావుకు ఆయన తమ్ముడు. ఏడవ, ఎనిమిదవ ఆర్థిక సంఘాల్లోనూ సభ్యులుగా ఉన్నారు. 1975లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథం హరితవిప్లవపు లాభాల పంపిణీ గురించినది. కొత్త విత్తనం, ఎరువు, యంత్రం వచ్చినప్పుడు ఉత్పత్తి పెరుగుతుంది. కానీ ఆ పెరుగుదల ఏ ప్రాంతానికి, ఏ తరగతి రైతుకు, కూలికి ఎంత చేరుతుందన్నది ఆ గ్రంథంలోని ప్రధాన విచారణ. ఒకరి అధ్యయనం దేశం విదేశీమారకం ఎలా ఆర్జించాలన్న ప్రశ్నతో మొదలైంది. మరొకరి అధ్యయనం ఆర్జించినది ఎలా పంచుకుంటున్నామన్న ప్రశ్నతో నడిచింది. ఈ రెండూ విరుద్ధమైన ప్రశ్నలు కావు. కానీ ఏది ముందు అన్న విషయంలో ప్రభుత్వాల ప్రాధాన్యాలు మారుతూ వచ్చాయి.

3. 1991: సంక్షోభం, రాజకీయ ప్రవేశం:

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధరలు పెరిగాయి. కువైట్ నుంచి లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తీసుకురావలసి వచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము దెబ్బతిన్నది. అప్పటికే కేంద్ర ప్రభుత్వ ద్రవ్యలోటు స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు 8 శాతానికి చేరింది. 1991 జూన్ నాటికి దేశం దగ్గర ఉన్న విదేశీమారకం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితిలో ఉంది.

ఆ స్థితిలో 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు. ఆర్థికశాఖకు రాజకీయవాదిని కాక, అంతర్జాతీయ ద్రవ్యసంస్థలు నమ్మగల నిపుణుడిని ఆయన కోరుకున్నారు. మొదట సంప్రదించిన ఐ.జి. పటేల్ అంగీకరించలేదు. అప్పటికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యక్షుడిగా ఉన్న మన్మోహన్ సింగ్ అంగీకరించారు. అదే సంవత్సరం అస్సాం నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు.

జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువను తగ్గించారు. దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో కుదువపెట్టారు. జూలై 24న ప్రవేశపెట్టిన బడ్జెట్టు, అదే రోజు వెలువడిన పారిశ్రామిక విధానం కలిసి 18 పరిశ్రమలకు తప్ప మిగిలిన వాటికి లైసెన్సు అవసరాన్ని రద్దుచేశాయి. గరిష్ఠ దిగుమతి సుంకం ఆ బడ్జెట్టులో 150 శాతానికి, 1995-96 నాటికి 50 శాతానికి తగ్గింది.

ఇక్కడ ఇద్దరి పాత్రలను వేరుచేసి చూడాలి. మన్మోహన్ సింగ్‌కు సొంత ఓటర్లు లేరు, పార్టీలో వర్గం లేదు. పార్లమెంటులో పి.వి. ప్రభుత్వానికి మొదట్లో సంపూర్ణ ఆధిక్యం కూడా లేదు. ఏమి చేయాలో ఆర్థికవేత్తకు తెలుసు. దానిని పార్టీలోను, సభలోను నిలబెట్టే నేర్పు మంథని నుంచి ఢిల్లీ దాకా వచ్చిన రాజకీయవేత్తకు తెలుసు. 1992 నాటి షేర్ల కుంభకోణంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం నివేదిక వచ్చినప్పుడు మన్మోహన్ సింగ్ రాజీనామా ఇవ్వగా పి.వి. దానిని ఆమోదించలేదు. సంస్కరణలకు ఆలోచన ఒకరిదైతే రక్షణ మరొకరిది.

4. సంస్కరణలు మూడు పట్టణాలకు చేరిన తీరు:

4.1. జగిత్యాల - ఎరువు ధర:

జగిత్యాల ప్రాంతపు సాగు శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ మీద, బావుల మీద ఆధారపడింది. వరి, పసుపు, మక్కలు, మామిడి ఇక్కడి ప్రధాన పంటలు. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన జగిత్యాల సన్నాలు తెలంగాణ అంతటా తెలిసిన వరి వంగడం. కాలువ నీటితో వచ్చే సాగు ఎరువుల సాగు. కనుక 1991 బడ్జెట్టు ఎరువుల ధరను 40 శాతం పెంచినప్పుడు దాని బరువు మొదట పడింది ఇటువంటి ప్రాంతాల మీదనే.

పార్లమెంటులో వ్యతిరేకత రావడంతో ఆ పెంపును 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులను మినహాయించారు. మన్మోహన్ సింగ్ రాజకీయ జీవితంలో ఇది తొలి పాఠమని చెప్పవచ్చు. సబ్సిడీ తగ్గించాలన్నది లెక్క ప్రకారం సరైనదే కావచ్చు. కానీ పొలంలో ఆ లెక్కకు ఒక ముఖం ఉంటుంది. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణను ఎత్తివేసి, యూరియా ధరను మాత్రం ప్రభుత్వం తన చేతిలో ఉంచుకుంది. యూరియా చవకగాను, మిగిలినవి ప్రియంగాను ఉండటంతో రైతులు యూరియాను మోతాదుకు మించి వాడటం పెరిగింది. నేలలోని పోషకాల సమతుల్యం దెబ్బతిన్నది. సంస్కరణను సగంలో ఆపడం వల్ల కలిగిన నష్టానికి ఇది ఉదాహరణ.

4.2. కోరుట్ల - గల్ఫ్ సొమ్ము:

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాల నుంచి పురుషులు గల్ఫ్‌కు పోవడం, ఇంటి దగ్గర స్త్రీలు బీడీలు చుట్టడం దశాబ్దాలుగా సాగుతున్న జీవనక్రమం. 1991కి ముందు అధికారిక మారకపు రేటు కన్నా హవాలా రేటు ఎక్కువగా ఉండేది. కార్మికుడు బ్యాంకు ద్వారా పంపితే తక్కువ రూపాయలు, దళారి ద్వారా పంపితే ఎక్కువ రూపాయలు వచ్చేవి. మూల్యహీనీకరణతోను, 1993 మార్చిలో మారకపు రేటును విపణికి వదలడంతోను ఆ తేడా చాలావరకు తగ్గింది. 1992లో విదేశాల నుంచి తిరిగివచ్చేవారు సుంకం చెల్లించి 5 కిలోల వరకు బంగారం తెచ్చుకోవడానికి అనుమతించారు. దొంగరవాణాకు అవకాశం తగ్గింది.

మూడు పట్టణాల్లో సరళీకరణ ప్రయోజనం నేరుగా కనిపించినది ఇక్కడే. దుబాయిలో కూలిచేసే మనిషి పంపిన దిర్హముకు ఇంటి దగ్గర ఎక్కువ రూపాయలు వచ్చాయి. మరొక కోణంలో చూస్తే, దేశాన్ని సంక్షోభంలోకి నెట్టిన కారణాల్లో గల్ఫ్ సొమ్ము ఆగిపోవడం ఒకటి, తరువాతి కాలంలో దేశపు చెల్లింపుల ఖాతాను నిలబెట్టిన ఆధారాల్లో గల్ఫ్ సొమ్ము పెరగడం ఒకటి. అప్పుచేసి వీసా కొనుక్కొని పోయిన కార్మికుడు, విదేశీమారకపు పట్టికలో దేశానికి అప్పు ఇచ్చినవాడితో సమానం. కానీ ఆ పట్టికలో అతని పేరు గాని, అతని అప్పు గాని కనిపించవు.

4.3. సిరిసిల్ల - సాంచా, నూలు:

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. 1970లో ఇక్కడ మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం దేశంలోని తొలి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి. చేతిమగ్గం మీద నేసినవారే క్రమంగా సాంచాల వైపు మళ్లారు. భివండి, సూరత్, షోలాపూర్‌లకు వలసపోయినవారు అక్కడ నేర్చిన పనిని వెంట తెచ్చుకున్నారు.

ఈ పరిశ్రమ నిర్మాణం తెలియకపోతే సంస్కరణల ప్రభావం అర్థం కాదు. పైన నూలు పెట్టుబడి పెట్టే యజమాని ఉంటాడు. మధ్యన కొన్ని సాంచాలు సొంతంగా ఉండి, యజమాని ఇచ్చిన నూలును కూలికి నేయించే ఆసామి ఉంటాడు. కింద పిక్కుల లెక్కన కూలి తీసుకొనే కార్మికుడు, వార్పిన్, వైపని చేసేవారు ఉంటారు. నూలు బయటి నుంచి రావాలి. నేసిన ముడిగుడ్డ రంగులకు, ముగింపు పనులకు ఎక్కువగా బయటికే పోవాలి. అంటే విలువ పెరిగే రెండు చివరలూ సిరిసిల్ల చేతిలో లేవు. మధ్యనున్న నేత మాత్రమే ఇక్కడిది.

ఎగుమతుల ద్వారా ఎదుగుదల అన్నది మన్మోహన్ సింగ్ తొలినాటి నుంచి నమ్మిన మార్గం. సిరిసిల్లలో నేసే పాలిస్టరు, చవక నూలు గుడ్డ దేశీయ విపణి కోసమే. కనుక ఎగుమతి ద్వారం తెరుచుకున్నా ఆ లాభం ఇక్కడికి రాలేదు. నూలు ధరల ఒడుదుడుకులు, ఆధునిక మగ్గాలున్న కేంద్రాలతో పోటీ మాత్రం వచ్చాయి. పాత సాంచాను మార్చుకోవడానికి బ్యాంకు అప్పు ఆసామికి దొరకడం కష్టం, కార్మికుడికి ఆ ప్రశ్నే లేదు. 1990ల చివరి నుంచి సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటినీ కలచివేశాయి. పట్టణం పేరును ఉరితో ముడిపెట్టి పలికేంత విషాదం అది. దీనికి కేంద్ర సంస్కరణలు ఒక్కటే కారణమనడం సరికాదు. తక్కువ కూలి, వడ్డీవ్యాపారుల అప్పు, విద్యుత్తు ఖర్చు, ఇంట్లో అనారోగ్యం కలిసివచ్చాయి. అయితే విపణి తెరిచినప్పుడు దానిలో ఓడినవారికి పట్టు దొరికే ఏర్పాటు లేకపోవడం విధానలోపమే.

5. ఓటమి నుంచి ప్రధాని పదవికి (1996-2004):

1996లో కాంగ్రెస్ అధికారం కోల్పోయింది. 1998 నుంచి మన్మోహన్ సింగ్ రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు. 1999లో దక్షిణ ఢిల్లీ నుంచి లోక్‌సభకు పోటీచేసి దాదాపు 30 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. సంస్కరణల వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడిన మధ్యతరగతి నివసించే నియోజకవర్గం అది. ఆ తరువాత ఆయన మళ్లీ ప్రత్యక్ష ఎన్నికల్లో నిలబడలేదు.

2004 ఎన్నికల్లో దేశం వెలిగిపోతున్నదన్న ప్రచారాన్ని గ్రామీణ భారతం తిరస్కరించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సంస్కరణలకు పేరుపొందిన ప్రభుత్వం ఓడిపోయింది. సోనియాగాంధీ పదవిని నిరాకరించడంతో మే 22న మన్మోహన్ సింగ్ ప్రధానమంత్రి అయ్యారు. కరీంనగర్ నుంచి గెలిచిన కె. చంద్రశేఖరరావు ఆ మంత్రివర్గంలో చేరి, ప్రత్యేక తెలంగాణ విషయంలో 2006లో బయటకు వచ్చారు. ప్రభుత్వానికి వామపక్షాలు బయటి నుంచి మద్దతిచ్చాయి. కనీస ఉమ్మడి కార్యక్రమం అమలును చూడటానికి ఏర్పడిన జాతీయ సలహా మండలిలో హనుమంతరావు సభ్యులయ్యారు. ప్రణాళికాసంఘంలో పక్కపక్కన కూర్చున్న రెండు ప్రశ్నలు రెండు దశాబ్దాల తరువాత మళ్లీ ఒకే ప్రభుత్వ పరిధిలోకి వచ్చాయి.

6. హామీ, దాని సరిహద్దు (2004-2014):

6.1. జగిత్యాల పల్లెల్లో కూలి:

జగిత్యాల చరిత్రలో కూలి ఒక రాజకీయ పదం. 1978 సెప్టెంబరు 7న వేలాది మంది రైతుకూలీలు పట్టణంలోకి నడిచివచ్చిన జైత్రయాత్ర వెట్టికి వ్యతిరేకంగా, కూలిరేట్ల కోసం, భూమి కోసం సాగింది. ఆ సంవత్సరమే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. యాదృచ్ఛికమే అయినా, జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ప్రకటితమైంది కూడా 2005 సెప్టెంబరు 7ననే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్, సోనియాగాంధీ ఈ పథకాన్ని ప్రారంభించారు. తొలివిడత 200 జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, స్త్రీపురుషులకు సమాన కూలి, పనివారిలో కనీసం మూడోవంతు స్త్రీలు, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగభృతి ఈ చట్టంలోని ముఖ్యాంశాలు. పల్లెల్లో దీనిని కరువుపని అన్నారు. చట్టం దృష్టిలో మాత్రం ఇది కరువు వచ్చినప్పుడు పెట్టే దయ కాదు, అడిగి తీసుకునే హక్కు. ఎండాకాలం పని దొరకడంతో వ్యవసాయ కూలి బేరంలో కూలివారి మాటకు బలం వచ్చింది. సాగుఖర్చు పెరిగిందని రైతులు బాధపడ్డారు. ఈ రెండూ నిజాలే. సామాజిక తనిఖీని వ్యవస్థగా మలచడంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది.

ఈ చట్టం మన్మోహన్ సింగ్ ఒక్కరి సృష్టి కాదు. ప్రజా ఉద్యమాలు, సలహా మండలి, వామపక్షాలు దీని కోసం పట్టుబట్టాయి. ద్రవ్యలోటు గురించి జీవితమంతా ఆలోచించిన ఆర్థికవేత్త ప్రధానిగా ఉండి, ఖర్చుకు ముందే పరిమితి విధించని హామీని చట్టంగా తేవడమే ఇక్కడ గమనించదగిన మార్పు.

2008లో ప్రకటించిన వ్యవసాయ రుణమాఫీ రెండు హెక్టార్ల లోపు రైతుల బాకీలను పూర్తిగా రద్దుచేసింది. మొత్తం దాదాపు 70 వేల కోట్ల రూపాయలు. అయితే అది బ్యాంకులు, సహకార సంఘాల అప్పులకే పరిమితం. అంతకు ముందు ఏడాదే తెలుగు ఆర్థికవేత్త ఆర్. రాధాకృష్ణ అధ్యక్షతన వ్యవసాయ రుణభారంపై నిపుణుల బృందం నివేదిక ఇచ్చింది. చిన్నరైతుల అప్పులో ప్రైవేటు వడ్డీవ్యాపారుల వాటా ఎక్కువన్నది అందులో ప్రధాన సమస్య. పట్టా లేని కౌలురైతుకు, బయట అప్పు తెచ్చిన రైతుకు మాఫీ అందలేదు.

6.2. కోరుట్లలో బీడీ చాట, పాస్‌పోర్టు:

2004లో ప్రవాస భారతీయుల వ్యవహారాలకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడింది. 2009లో రాయబార కార్యాలయాల్లో ఆపన్నుల సహాయనిధి ఏర్పాటైంది. 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన అనే పొదుపు, పింఛను పథకం వచ్చింది. 2008లో అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం వచ్చింది. ఇవన్నీ కోరుట్ల కుటుంబానికి సంబంధించినవే. కానీ ఉపాధి హామీ వలె ఇవి అడిగి తీసుకునే హక్కులు కావు, నమోదు చేసుకుంటే అందే పథకాలు. అప్పు తీర్చే తొందరలో ఉన్న గల్ఫ్ కార్మికుడు పింఛనుకు పొదుపు చేసే స్థితిలో ఉండడు. పని ఇంట్లోనే చేసే బీడీ కార్మికురాలికి ఎవరు యజమాని అన్నదే తేలని ప్రశ్న. ఆ పథకాలు ఇక్కడ లోతుగా పాకకపోవడానికి ఇవే కారణాలు.

6.3. సిరిసిల్లలో హద్దురాయి:

ఉపాధి హామీ గ్రామీణ చట్టం. సిరిసిల్ల పురపాలక పట్టణం. అప్పట్లో చుట్టుపక్కల పల్లెలో కూలి మనిషికి ఉన్న 100 రోజుల హక్కు పట్టణంలోని సాంచా కార్మికుడికి లేకపోయింది. సాంచాలు ఆగిపోయిన నెలల్లో అతను అడగగల పని చట్టంలో ఎక్కడా లేదు. 2011-12 బడ్జెట్టులో నేతన్నల సహకార సంఘాల బాకీల కోసం 3 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. అది చేనేతకు వర్తించింది, మరమగ్గాలకు కాదు. వ్యవసాయ రుణమాఫీ రైతుకు వర్తించింది, ఆసామికి కాదు. నేత అన్నందుకు చేనేత కాదు, కూలి అన్నందుకు గ్రామీణుడు కాదు, పరిశ్రమ అన్నందుకు కర్మాగారం కాదు. ప్రతి జాబితాకూ ఒక అడుగు దూరంలో సిరిసిల్ల నిలిచిపోయింది.

ఈ పట్టణానికి నిజంగా చేరినది ఆహారం. ఆత్మహత్యల కాలంలో నేతకార్మికుల కుటుంబాలకు అంత్యోదయ కార్డులిచ్చారు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం గ్రామీణ జనాభాలో 75 శాతానికి, పట్టణ జనాభాలో 50 శాతానికి వర్తించేలా రూపొందింది. ఇక్కడ పట్టణం బయట ఉండిపోలేదు. పని విషయంలో సిరిసిల్లకు హామీ వంటిది 2017లో రాష్ట్ర ప్రభుత్వపు బతుకమ్మ చీరల కొనుగోలుతో వచ్చింది. అది చట్టం కాదు, ప్రభుత్వపు ఆర్డరు. ఆర్డరు ఉన్నంతకాలమే సాంచా నడుస్తుంది.

7. నాయకత్వ స్వభావం, తెలంగాణ:

ప్రధానిగా మన్మోహన్ సింగ్ అధికారం ఎప్పుడూ సంపూర్ణం కాదు. పార్టీ పగ్గాలు ఒకరి చేతిలో, ప్రభుత్వం మరొకరి చేతిలో ఉన్న ఏర్పాటు అది. అమెరికాతో అణు ఒప్పందంపై వామపక్షాలు మద్దతు ఉపసంహరించినప్పుడు, 2008 జూలై 22న 275-256 ఓట్లతో విశ్వాసం నెగ్గి తన పట్టుదలను చూపారు. రెండవ పదవీకాలంలో స్పెక్ట్రం, బొగ్గు గనుల కేటాయింపుల వివాదాలు వచ్చినప్పుడు అటువంటి పట్టుదల కనిపించలేదన్న విమర్శ మిగిలింది. వ్యక్తిగత నిజాయితీ వ్యవస్థ నిజాయితీకి సరిపోదని ఆ ఐదేళ్లు చూపాయి.

టెండూల్కర్ పద్ధతి ప్రకారం దేశంలో పేదరికం 2004-05లో 37.2 శాతం నుంచి 2011-12లో 21.9 శాతానికి తగ్గింది. వేగంగా పెరిగిన ఆర్థిక వ్యవస్థ, సంక్షేమ చట్టాలు రెండూ ఇందుకు కారణాలు. తెలంగాణ రాష్ట్ర బిల్లు 2014 ఫిబ్రవరిలో ఆయన ప్రభుత్వ కాలంలోనే ఆమోదం పొందింది. హనుమంతరావు 2010లో ప్రాంతీయ అసమానతలు, చిన్న రాష్ట్రాల గురించి రాసిన గ్రంథంలో తెలంగాణకు ఆర్థిక హేతువును చూపారు. పంపిణీ ప్రశ్న కూలి నుంచి ప్రాంతానికి, అక్కడి నుంచి రాష్ట్ర సరిహద్దు దాకా వెళ్లిన తీరు అది.

8. ముగింపు:

మన్మోహన్ సింగ్ 2024 ఏప్రిల్‌లో రాజ్యసభ నుంచి విరమించి, అదే ఏడాది డిసెంబరు 26న మరణించారు. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. ఆయన ఆర్థిక చింతనకు 1991 ఆరంభం కాదు. 1962 నాటి ఎగుమతుల అధ్యయనంలోనే దాని మూలం ఉంది. రాజకీయ చింతన మాత్రం పదవిలోకి వచ్చాక, ఎరువుల ధర వంటి ఎదురుదెబ్బల నుంచి, 2004 తీర్పు నుంచి రూపొందింది.

2. సరళీకరణ ప్రయోజనం కోరుట్లకు మారకపు రేటు రూపంలో నేరుగా చేరింది. జగిత్యాలకు పెరిగిన ఖర్చుగా చేరింది. సిరిసిల్లకు పోటీగా చేరింది.

3. హక్కుల చట్టాలు జగిత్యాల పల్లెలకు బలంగా, కోరుట్లకు పలుచగా చేరాయి. సిరిసిల్లకు ఆహారం రూపంలో చేరాయి గాని, పని రూపంలో చేరలేదు.

4. విపణిని తెరిచే నిర్ణయం దేశమంతటికీ ఒకేసారి వర్తించింది. దాని నష్టాన్ని భరించే హామీ మాత్రం గ్రామం, చేనేత, బ్యాంకు అప్పు వంటి జాబితాలుగా విడిపోయింది. జాబితాల మధ్య ఖాళీలో నిలిచినవారే ఎక్కువగా నష్టపోయారు.

పట్టణ కార్మికుడికి పని హామీ ఇవ్వవచ్చా, ఇస్తే ఎవరు భరించాలి అన్న ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. సంపాదన గురించి ఆలోచించిన ఆర్థికవేత్త పంపకం గురించి చట్టాలు చేసే నాయకుడు కావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఆ పంపకం సిరిసిల్ల పురపాలక సంఘం హద్దు దగ్గర ఎందుకు ఆగిందో తేల్చడం తరువాతి ఆర్థికవేత్తల, నాయకుల బాధ్యత.